పాత తీగ గుర్తులు

జగన్నాథం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "టైమవుతోంది, ముందు రేడియో పెట్టండి" అనేవారు. అడిగినవాళ్ళు మొదట్లో చిన్నబుచ్చుకునేవారు గానీ, కొన్నాళ్ళకు అలవాటుపడ్డారు. జవాబు ఆ రోజే రావాలని ఎవరూ పట్టుబట్టేవారు కాదు.

ఆ ఊరు చినరేవు. భీమిలి దాటాక సముద్రపు ఒడ్డున నూట యాభై గడప. మాస్టారిది ఆ ఊరు కాదు. ఇరవై రెండేళ్ళు సరుకు ఓడల మీద వైర్‌లెస్ ఆఫీసరుగా పనిచేసి, భార్య పోయాక, ఉద్యోగం వదిలేసి అక్కడికి వచ్చి రెండు గదుల డాబా కట్టుకున్నారు. రోజూ సాయంత్రం నాలుగింటికి వరండాలో భాగవతం చదివి అర్థం చెప్పేవారు. సరిగ్గా ఐదింటికి పుస్తకం కళ్ళకద్దుకుని మూసి, ఓడలకోసం చెప్పే వాతావరణం విని, గాలి ఎటు తిరుగుతోందో, మర్నాడు వేటకు పోవచ్చో లేదో ఊరికి చెప్పేవారు. భాగవతానికి పదిమంది వచ్చేవారు, వాతావరణానికి ఊరంతా వచ్చేది. అందుకు ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు.

రేడియో అంటే పాటల రేడియో కాదు. ఒక పాత ఓడను విప్పేస్తున్నప్పుడు ఆయన అడిగి కొనుక్కున్న పెద్ద రిసీవరు. లారీ బ్యాటరీ మీద నడిచేది. దాని పక్కన చెంబంత ఎత్తున ఒక ఇనప పెట్టె. దాన్ని ట్యూనరు అనేవారు. డాబా మీద నుంచి ఒడ్డున పాతిన వెదురు గడ దాకా లాగి కట్టిన ఏరియల్ తీగ నేరుగా రేడియోలోకి పోదు. ముందు ఈ పెట్టెలోకి వచ్చి, అక్కణ్ణించి రేడియోలోకి పోతుంది. పెట్టె ముఖాన రెండు నాబులు, మధ్యలో ఒక మీట ఉండేవి. "తీగకీ రేడియోకీ మధ్య ఇది పెళ్ళిళ్ళ పేరయ్య. దీనికి సొంత బలమేమీ లేదు. ఇద్దరికీ కుదర్చడమే దీని పని" అని మాస్టారు చెప్పేవారు. పెట్టె వెనక నుంచి ఇంకో తీగ గోడ పక్కన తడినేలలో దిగ్గొట్టిన ఇనప కడ్డీకి పోయేది. ఆ నేల ఎండిపోకూడదని, మాస్టారి శిష్యురాలు నూకరత్నం రోజూ తులసికోటలో నీళ్ళు పోసిన చెంబుతోనే ఆ కడ్డీ మొదట్లో కూడా ఇన్ని పోసేది.

నూకరత్నానికి అప్పటికి నలభై రెండేళ్ళు. భర్త అప్పల్రాజు 'పైడితల్లి' అనే మరబోటుకు సరంగు. బోటు నడిపేది అతనే. ఒకసారి వెళితే మూడు నాలుగు రోజులకు గానీ తిరిగి రాడు. ఆమె ఒడ్డుకు వచ్చిన చేపలు తట్టకెత్తుకుని భీమిలిలో అమ్ముకొచ్చేది. మంచు పట్టి కళ్ళకేమీ కనపడని పొద్దుల్లో కూడా, దూరాన్నించి వచ్చే ఇంజన్ చప్పుడు విని "అది మా బోటు" అనో, "కాదు, అది ఎల్లాజీ గారిది" అనో చెప్పేసేది. నాలుగేళ్ళుగా భాగవతానికి వస్తోంది. చదువు లేదు. విన్నది మాత్రం పోగొట్టుకునేది కాదు. మాస్టారు ఆమెకు ఒక నామం చెప్పి, తెల్లవారుజామున స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని వెయ్యిసార్లు అనుకోమన్నారు. అలాగే చేసుకొస్తోంది.

మాస్టారి కళ్ళలో పొరలు కమ్మి నాబుల మీది అంకెలు ఆనకుండా పోయాక, రేడియో పని ఇద్దరు శిష్యులకు అప్పజెప్పారు. ఒకరు నూకరత్నం. రెండోవారు కూర్మినాయుడు గారు, పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. అప్పజెప్పిన రోజున మాస్టారు తన చేత్తో ఒకసారి అంతా చేసి చూపించారు. రేడియోను వాతావరణం చెప్పే చోట నిలిపారు. తర్వాత పెట్టె ఎడమ నాబు తిప్పి, మీట జరిపి, కుడి నాబు తిప్పారు. గొంతు గణగణమంది. కూర్మినాయుడు గారు ఆ వరస అంతా ఒక కార్డుముక్క మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రాసి పెట్టె మీద అతికించారు. నూకరత్నం వంటింట్లోకి వెళ్ళి కుంకుమ తడిపి తెచ్చి, గురువుగారి చెయ్యి ఆగిన చోట నాబుకొకటి, మీటకొకటి బొట్లు పెట్టింది. అప్పటినుంచీ రోజూ నాబుల్ని ఆ బొట్లకు తెచ్చి నిలిపి, పెట్టెను తాకి కళ్ళకద్దుకుని కూర్చునేది. ఎనిమిది నెలలు ఒక్క రోజు తప్పకుండా వాతావరణం వినపడింది. ఆ బొట్ల మీద ఆమెకు గురి కుదిరిపోయింది.

కార్తీకం వస్తుందనగా ఒక సాయంత్రం ఆమె మాస్టారిని ఒక మాట అడిగింది. అడగడానికి నాలుగు రోజులు తటపటాయించింది. అత్తగారికి కాళ్ళు పడిపోయి మంచాన ఉంది. తెల్లవారుజామున ఒడ్డుకు పోయి చేపలు తూయించుకునే పని ఇంతకుముందు ఆవిడది. ఇప్పుడు అదీ నూకరత్నం మీద పడింది.

"మాస్టారూ, తెల్లారగట్ట తూరుపు మొగమెట్టి కూకోమన్నారు మీరు. పడవలొచ్చేదీ అప్పుడే. ఒడ్డున తట్ట కాడ నిలబడి అనుకుంటే ఆ పేరు దేవుడికి చేరుతాదా, చేరదా?"

మాస్టారు నోరు విప్పకముందే కూర్మినాయుడు గారు అందుకున్నారు. టపా ఐదింటికి కడతారంటే ఐదింటికే కడతారని, ఆరింటికొచ్చి నా ఉత్తరంలో మంచి మాటలున్నాయంటే సంచీ మూతి విప్పరని ఆయన అన్నారు. తాను ముప్పై ఏళ్ళలో జపానికి సంధ్యవేళ దాటనివ్వలేదని కూడా కలిపారు. నూకరత్నం తలొంచుకునే, "ఉత్తరం దేవుడికి కదా నాయుడుగారూ, సంచీ మీకెవరిచ్చారు?" అంది. వరండాలో నలుగురూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, "టైమైంది, రేడియో పెట్టమ్మా" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. మర్నాడు కంటి ఆపరేషన్‌కని విశాఖ వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళిన మూడో రోజున పైడితల్లి వేటకు వెళ్ళింది. అప్పల్రాజుతో కలిపి ఏడుగురు. బోటు పోయిన రెండు రోజులకు, సాయంత్రం నూకరత్నం నాబుల్ని బొట్లకు తెచ్చి కూర్చుంటే, సముద్రంలో వాయుగుండం ఉందని, ఉత్తరపు దిక్కుకు తిరుగుతోందని వినపడింది. కూర్మినాయుడు గారు ఆ ఇంగ్లీషు మాటలు తెలుగు చేసి చెప్పారు. ఊరివాళ్ళు పడవలన్నీ ఒడ్డు మీదికి ఈడ్చుకున్నారు. పోయిన బోటుకు మాత్రం ఆ మాట చెప్పే దారి లేదు.

గాలివాన రెండు రోజులు కొట్టింది. మనుషులకు ప్రమాదం రాలేదు గానీ, తాటాకు కప్పులు లేచిపోయాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, టెలిఫోను మూగపోయింది. ఒడ్డున వెదురు గడ విరిగి, ఏరియల్ తీగ మూడు ముక్కలై ఇసకలో కూరుకుపోయింది. కూర్మినాయుడు గారు వంగలేని నడుముతోనే ఇసకంతా తవ్వించి, మూడింటిలో పెద్ద ముక్క ఏరి, డాబా మీద నుంచి బడి ముందరి జెండా కర్ర దాకా లాగి కట్టించారు. మునుపటి పొడుగులో మూడో వంతుంటుంది. ఆపైన ట్యూనరు పెట్టెను పొడిబట్టతో తుడిచి, బొట్లు చెరగలేదని చూసి తృప్తిపడ్డారు.

ఆ మర్నాడు పొద్దున్నే మండలాఫీసు నుంచి జీపు మీద ఒక మనిషి వచ్చాడు. గాలికి కొట్టుకుపోయిన బోట్లు కొన్ని ఒరిస్సా ఒడ్డుకు చేరాయని చెప్పాడు. గోపాల్‌పూర్‌లో సొంత వైర్‌లెస్ సెట్లున్న కొందరు కుర్రాళ్ళు సేవగా కూర్చుని, ఒడ్డుకు చేరిన బోట్ల పేర్లూ మనుషుల వివరాలూ చదువుతున్నారట. పొద్దున తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి. రేపటికి వాళ్ళు సెట్లు సర్దుకుని ఇంకో చోటికి పోతారట. రేడియోలో ఏ అంకె దగ్గర వినాలో కూర్మినాయుడు గారు రాసుకున్నారు. అది వాతావరణం చెప్పే చోటు కాదు, దానికి చాలా కిందికి ఉంది.

నూకరత్నం మూడు రోజులుగా అన్నం ముట్టలేదు. స్నానం చేసి, కడ్డీకి నీళ్ళు పోసి, తొమ్మిది కాకముందే వచ్చి కూర్చుంది. రేడియో ముల్లును కొత్త అంకె దగ్గరికి తెచ్చింది. పెట్టె నాబుల్ని బొట్లకు తెచ్చింది. మీటనూ బొట్టుకే నిలిపింది. తొమ్మిదైంది. ఎక్కడో గోనెసంచిలో మూతి కట్టేసిన మనిషి మాట్లాడుతున్నట్టు ఒక గొంతు మొదలైంది. వరండాలో కూర్చున్న ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గరికి జరిగారు. అంకెలో, పేర్లో తెలియలేదు. ఒకసారి "పైడి" అన్నట్టు వినపడింది. పైడితల్లి పేరున్న బోట్లు ఆ ఒడ్డంతా ఎన్నో ఉన్నాయి. పైగా ఆ తర్వాతి మాట మునిగిపోయింది.

ఆమె చెయ్యి దానంతటదే ఎడమ నాబు దాకా వెళ్ళింది. కూర్మినాయుడు గారు ఆ చేతిని ఆపలేదు గానీ, మెల్లగా, "గురువుగారి గుర్తమ్మా. కదిపితే ఉన్నదీ పోద్దేమో" అన్నారు. ఆయన గొంతులో కూడా భయమే ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. నాబు ముల్లు బొట్టుకు తిన్నగా ఉందో లేదో దారప్పోగు పెట్టి చూసింది. తిన్నగానే ఉంది. ఇంకేం చెయ్యాలో తోచక రెండు చేతులూ జోడించి కూర్చుంది. తొమ్మిదిన్నరకు ఆ గొంతు ఆగిపోయింది. బ్యాటరీ కూడా బాగా తగ్గిందని, మధ్యాహ్నమంతా ముట్టుకోకుండా ఉంచితే సాయంత్రం ఒక అరగంట లాగుతుందని కూర్మినాయుడు గారు అన్నారు.

మూడు దాటాక బియ్యం బస్తాల లారీ మీద మాస్టారు దిగారు. ఒక కంటికి కట్టు ఉంది. రెండో కంటి పొర ఇంకా తియ్యలేదు. డాక్టరు ఇంకో వారం కదలొద్దన్నా, గాలివాన సంగతి విని ఉండలేక వచ్చేశారు. నూకరత్నం ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆయన కాళ్ళు కడుక్కునేదాకా ఆగి, జరిగినదంతా వరసగా చెప్పింది. ఏడవలేదు. ఐదింటికి మీరే పెట్టె ముందు కూర్చోవాలని, మీ చెయ్యి తగిలితే చాలని మాత్రం బతిమాలింది. మాస్టారు అన్నీ విని, తీగ ఎంత పొడుగు కట్టారని అడిగారు. జెండా కర్ర దాకా అని కూర్మినాయుడు గారు చెప్పారు.

"నాబులు ఎక్కడ పెట్టావమ్మా?"

"మీ గుర్తు మీదే మాస్టారూ. వెంట్రుకవాసి జరగలేదు."

"ఆ గుర్తులు పాత తీగవమ్మా" అన్నారు మాస్టారు.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పారు. పెట్టె ఇద్దరికి కుదర్చాలి కదా, ఇద్దరిలో ఒకరు మారారు. మునుపటి తీగ లేదు. వినాల్సిన చోటు కూడా మునుపటిది కాదు. ఆ బొట్లు అబద్ధం కావు, అవి ఆ తీగకు, ఆ చోటుకు నిజం. ఇప్పుడు మళ్ళీ కుదర్చాలి. అయితే మీరు రండి మాస్టారూ అని ఆమె పీట వేసింది. ఆయన పీట మీద కూర్చోలేదు, గోడకు చేరగిలబడ్డారు. ఇరవై రెండేళ్ళు చెవులకు రేడియో తగిలించుకుని తన చెవులు మొద్దుబారాయని, సన్నటి తేడాలు ఇప్పుడు తనకు తెలియవని, నాలుగు మైళ్ళ దూరాన ఇంజన్ చప్పుడు విని ఎవరి బోటో చెప్పే చెవులు ఈ ఊళ్ళో ఆమెకే ఉన్నాయని అన్నారు. మొహమాటానికి అన్న మాట కాదు. నిజంగానే ఆయన దృష్టిలో ఆ పనికి తగిన మనిషి ఆమె.

ఐదుకు ఐదు నిమిషాలుందనగా ఆమె కూర్చుంది. ఆయన చెప్పింది ఇంతే. కుర్రాళ్ళ గొంతు కోసం ఇప్పుడే వెతకొద్దు. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా రేడియోలో ఒక హోరు ఉంటుంది. నాబు తిప్పుతుంటే ఆ హోరు ఒకచోట పెరుగుతుంది, దాటితే తగ్గుతుంది. తగ్గగానే వెనక్కి రావాలి. మూడింటినీ కొంచెం కొంచెంగా అలాగే చూసుకోవాలి. హోరు ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువుందో అక్కడ ఆగి, అప్పుడు గొంతు కోసం చూడాలి.

ఇది విని ఆమె తెల్లబోయింది. ఇన్ని నెలలూ ఆ హోరును ఆమె శత్రువనుకుంది. హోరు రాగానే రేడియో గొంతు తగ్గించేది. ఇప్పుడు దాన్నే వెతుక్కుంటూ పొమ్మంటున్నారు.

చెయ్యి నాబు మీద పెట్టింది గానీ వేళ్ళు కదలలేదు. కుంకుమ బొట్టు కళ్ళెదురుగా ఉంది. ఆమె కళ్ళు మూసుకుంది. ఎడమ నాబు కొంచెం తిప్పింది. ఏమీ మారలేదు. దాన్ని వదిలేసి కుడి నాబు పట్టుకుంది. కూర్మినాయుడు గారు కార్డు చూస్తూ, "ముందు ఎడమది, తర్వాత మీట..." అని అందించబోయారు. ఆమె వినిపించుకోలేదు. కుడి నాబు తిరుగుతుంటే హోరులో ఏదో సన్నగా లేచింది. ఇంకొంచెం తిప్పింది. తలుపు ఓరగా తీస్తే సముద్రపు చప్పుడు ఇంట్లోకి వచ్చినట్టు వచ్చింది. దాటింది, పడిపోయింది. వెనక్కి వచ్చింది. మీట ఒక మెట్టు జరిపితే పూర్తిగా పోయింది, రెండో వైపు జరిపితే రెట్టింపయింది. మళ్ళీ ఎడమ నాబు పట్టుకుంది. ఈసారి అది కూడా పలికింది. గదంతా హోరెత్తిపోయింది. వరండాలో ఎవరో "పాడైపోయిందేటి?" అన్నారు. మాస్టారు చెయ్యెత్తి వాళ్ళను ఊరుకోమన్నారు.

అప్పుడు ఆమె రేడియో ముల్లు దగ్గరికి వచ్చింది. ఒక గొంతు బాతు అరిచినట్టు అరుస్తోంది. వెంట్రుకవాసి తిప్పేసరికి అది మనిషి గొంతయింది. ఎవరో చిన్నవాడు. ముందు ఇంగ్లీషులో చదివి, తర్వాత తప్పుల తెలుగులో మళ్ళీ చదువుతున్నాడు. మాట మాటా విడివిడిగా, పక్కింట్లోంచి పిలిచినంత తేటగా ఉంది. మొదటి బోటు పూడిమడకది. రెండోది ఎక్కడిదో. మూడోది కళింగపట్నానిది, నలుగురు చేరారు, ఒకరి జాడ లేదు. ఆ మాటకు వరండాలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నూకరత్నం చెయ్యి నాబు మీంచి తియ్యలేదు. రేడియో ముఖాన వెలిగే చిన్న దీపం ఎర్రబడుతోంది. బ్యాటరీ అయిపోవస్తోంది.

"పైడితల్లి. నంబరు నూట పద్నాలుగు. చినరేవు. ఏడుగురు. అందరూ గోపాల్‌పూర్ స్కూల్లో ఉన్నారు. సరంగు చేతికి దెబ్బ, కట్టు కట్టాము. మళ్ళీ చెబుతున్నాను. పైడితల్లి..."

రెండోసారి చదివింది ఎవరికీ వినపడలేదు, ఆ ఏడుగురి ఇళ్ళ ఆడవాళ్ళు అంతా ఒక్కసారిగా మాట్లాడారు. నూకరత్నం రెండు కళ్ళ వెంటా నీళ్ళు కారుతుంటే భుజానికి తుడుచుకుంది, ఎందుకంటే చేతులు ఖాళీగా లేవు. గొంతు కొంచెం పల్చబడితే కుడి నాబును ఇంత జరిపి మళ్ళీ తేటపరిచింది. పక్క ఊరి బోటు ఒకటి ఇంకా చదవలేదు. ఆ ఊరివాళ్ళు కూడా నడిచొచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ పేరు వచ్చేదాకా బ్యాటరీ నిలిచింది. వాళ్ళ బోటు కూడా చేరింది. ఆ తర్వాత దీపం ఆరిపోయింది.

జనం చెదిరాక, నూకరత్నం అత్తగారికి చెప్పడానికి ఇంటికి పరిగెత్తాక, కూర్మినాయుడు గారు పెట్టె దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సవరించుకుని చూశారు. తిరిగొచ్చి మాస్టారి పక్కన కూర్చున్నారు. ఆయన కూడా ఆనందంతోనే ఉన్నారు గానీ, మనసులో ఒక ముల్లు మిగిలింది. ఆ ముల్లు తీసుకోకుండా ఆయన లేవలేరు.

"మంచే జరిగింది మాస్టారూ. అయినా చెబుతున్నాను, తప్పనుకోకండి. కళ్ళు మూసుకుని తిప్పింది. ఎడమది మధ్యలో వదిలేసి కుడిది, తర్వాత మీట, ఆఖర్న మళ్ళీ ఎడమది. మీరు మాకు చూపించిన పద్ధతి అది కాదు. ఆ రోజు తట్ట దగ్గర నిలబడి జపం చేస్తానన్నట్టే ఉంది ఇదీ."

"పేర్లు వినపడ్డాయా నాయుడుగారూ?"

"వినపడ్డాయి."

"అయితే నా పద్ధతే" అన్నారు మాస్టారు.